డంపర్ పసుపు రోబో

సకల జనుల సమ్మెకు కొద్దిరోజుల ముందు రఘుపతి హైదరాబాద్ నుంచి వచ్చి, అక్క జమున చేతిలో ఒక అట్టడబ్బా పెట్టాడు. లోపల ప్లాస్టిక్ చట్రాలకు అంటుకొని రోబో ముక్కలున్నాయి. కత్తిరించి, రంగులేసి, బిగించుకుంటే జానెడు బొమ్మ తయారవుతుంది. సెంటినరీ కాలనీ పిల్లలకు డ్రాయింగ్ చెప్పే జమున ఆ డబ్బాను చాలాసేపు కిందపెట్టలేదు.

సమ్మె మొదలైంది. ఆమె భర్త సదానందం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో మట్టీ బొగ్గూ మోసే డంపర్ నడుపుతాడు. పొద్దున సమ్మె శిబిరంలో కూర్చుని వచ్చాక ఏం చెయ్యాలో తోచక ఇంట్లో అటూ ఇటూ తిరిగేవాడు.

"బావా, ముక్కలు నువ్వు కత్తిరించు. రంగుల సంగతి నేను చూస్త" అంది జమున.

అతను గోళ్ల కట్టర్‌తో ముక్కలు వేరుచేసి, మిగిలిన మొనలను సన్న గరుకు కాగితంతో రుద్దాడు. బస్సులు లేవు కాబట్టి ఇద్దరూ షేర్ ఆటోలో గోదావరిఖని వెళ్లారు. పెయింట్ల దుకాణం నడిపే రాయమల్లు పసుపు ఎనామిల్, థిన్నర్ చేతికిచ్చాడు.

"గేటుకైనా బీరువాకైనా గిదే ఏస్తరు. మెరుపు తగ్గది."

ఇంటికొచ్చి భుజం ముక్కకు పూస్తే ఆ చిక్కటి రంగు సన్నని గీతలన్నిటినీ పూడ్చేసింది. థిన్నర్‌తో తుడిస్తే ప్లాస్టికే మెత్తబడి వేలికి అంటుకుంది. సదానందం ముఖం చిన్నబోయింది. జమున మాత్రం ముక్కను గాలికి ఆరబెట్టింది.

"సొట్ట పడ్డ బండి లెక్కనే ఉండనియ్యి. ఇగ నుంచి ఏ రంగైనా ముందు ఉత్త చట్రం మీద ఏసి చూద్దాం."

మర్నాడు స్టేషనరీ దుకాణంలో నీళ్లలో కలిసే యాక్రిలిక్ సీసాలు ఎంచుకుంది. మెరిసేవి పక్కన పెట్టి మెరుపు లేనివి తీసుకుంది. బ్రష్షుల కుచ్చు తడిపి, మొన సూదిలా నిలబడినదాన్నే కొన్నది. చట్రం మీద ముందు పలచగా తెలుపు వేసి, ఆరాక పసుపు పూసి చూపించింది.

"ఇది నిమ్మకాయ రంగు. మా డంపర్ పసుపుల జర మట్టి ఉంటది" అన్నాడు సదానందం.

ఆమె చుక్క గోధుమరంగు కలిపింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఇంకో చుక్క కలిపాక నవ్వాడు.

ముక్కలను చీపురుపుల్లలకు గుచ్చి, ఆలుగడ్డల్లో నిలబెట్టి వెనక వసారాలో ఆరబెట్టారు. బొగ్గుబాయి ఆగిపోవడంతో గాలిలో బొగ్గుపొడి లేదు. తీగమీది తెల్లచీర కూడా తెల్లగానే ఉంది.

చివరికి కళ్లు మిగిలాయి. ఆవగింజంత చోటులో ఎరుపు పెట్టాలి. జమున మోచేతులు బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి బ్రష్షు తాకించింది. గుంత అంచున డంపర్‌ను వెనక్కి తీసేటప్పుడు తానూ అట్లాగే ఊపిరి బిగబడతానని సదానందానికి తెలుసు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె పనిని ఇంత దగ్గరగా చూడలేదని అతనికి అప్పుడే అనిపించింది.

"మసి యాడ పెట్టాలె?" అని అడిగిందామె.

"మీద వద్దు. కీళ్లల్ల, కాళ్ల కింద. చక్రం ఎగజిమ్మేది ఆడికే."

ఆమె నల్లరంగు బ్రష్షును గుడ్డకు తుడిచి తుడిచి, దాదాపు పొడిగా అయ్యాక మోకాళ్ల అంచులకు అద్దింది. తర్వాత ముక్కలన్నీ అతను ఒక్కొక్కటిగా బిగించాడు.

మర్నాడు సదానందం రోబోను శిబిరానికి తీసుకుపోయాడు. చేతులు మారుతూ అది ఎల్లేశం దగ్గరికి చేరింది. ఎల్లేశం రిటైర్ కావడానికి దగ్గరపడ్డ మెకానిక్. రోబో మోకాళ్లు తిప్పి చూసి, సొట్టపడ్డ భుజం మీద బొటనవేలు ఆనించాడు.

"ఇది మన షెడ్డుకు వచ్చిన బండే. ఎవరు చేసిన్రురా?"

"ముక్కలు కోసుడే నా పని కాకా. చేసింది మా జమున."

"ఆమె చెయ్యి మంచిగున్నది. చెప్పు."

సాయంత్రం ఆ మాట చెబితే జమున ముఖం వెలిగింది. రోబోను వెలుతురుకు పట్టి, ఎక్కడైనా పెచ్చు లేచిందేమోనని చూసింది. లేవలేదు. వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఇంకోటి తేరా. ఈసారి పెద్దది."