ఆరో బోల్టు

లువా పడవ రేవుకు తిరగడం చూడగానే ఖియెమ్ గుండె జారింది. నెల తిరక్కుండా ఇది రెండోసారి.

"నూనె చూడు, ఆరో అన్నా. పాలు పోసిన కాఫీలా ఉంది," అంది లువా గట్టుకు తాడు కడుతూ. "మళ్లీ నీళ్లు కలిశాయి. ఈసారి కూడా కారితే వంతెన కింద ఉన్న మెకానిక్కు దగ్గరకు పోతాను. కోపం కాదన్నా. గుమ్మడికాయలు నాకోసం ఆగవు కదా."

కోపం లేదన్నందుకే అతనికి ఎక్కువ బాధ కలిగింది. ఇరవై ఏళ్లుగా అతని చేత్తో తప్ప ఇంజను విప్పించని మనిషి. ఆమె పోతే ఆ మాట పడవల సంతంతా పాకుతుంది. పడవలు ఆగకపోతే ఈ రేవులో మనిషి గొంతు వినబడదు. భార్య థోవా పోయి పద్నాలుగు నెలలైంది. అప్పటినుంచీ ఎవరైనా అతన్ని పలకరించేది ఇంజను చెడితేనే.

హౌ నది పాయల్లో మనుషుల్ని పుట్టిన వరసతో పిలుస్తారు. తొలిచూలు బిడ్డే రెండోవాడు. ఒకటి అన్న పిలుపు ఎవరికీ పెట్టరు. చిట్టచివరివాడు కడగొట్టువాడు. ఖియెమ్ ఆరోవాడు, లువా ఎనిమిదోది.

లువా ఇంజను హెడ్డుకు, అంటే పైమూతకు, పది బోల్టులు. మధ్యలో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటిగా అంచులకు పోతూ మూడు విడతల్లో బిగించాలి. వరస తప్పితే హెడ్డు ఓ పక్కకు వాలుతుంది, నూనెలో నీళ్లు కలవకుండా కింద పరిచే గ్యాస్కెట్టు సమంగా నొక్కుకోదు. థోవా కాపురానికొచ్చిన కొత్తలోనే ఇలాంటి పది బోల్టులకూ ఇంట్లో పిల్లలకు పెట్టినట్టు వరస పెట్టేసింది. గట్టు మీద పీట వేసుకుని చేపలు తోముతూ పిలిచేది: రెండోవాడు, మూడోది, నాలుగోవాడు... అతను పానా తగిలించి లాగేవాడు. ఆరో బోల్టు దగ్గరకొచ్చేసరికి మాత్రం గొంతు మార్చి, "ఆరోవాడా, విన్నావా?" అనేది. "విన్నా" అని లాగేవాడు. మొగుడు తన మాట వింటాడని కాలవంతా చాటుకోవడానికి ఆ మహాతల్లికి దొరికిన చోటు అది. ముప్పై ఏళ్లు అదే వేళాకోళం. ఒక్కనాడూ పాతబడలేదు.

ఖియెమ్ హెడ్డు విప్పాడు. కిందటిసారి గ్యాస్కెట్టునే తిట్టుకుని, తీసి మేకుకు తగిలించాడు. ఇప్పుడు దాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండూ చుట్టూరా నల్లగా నొక్కుకుపోయి ఉన్నాయి. ఒకే ఒక్క బోల్టు కన్నం చుట్టూ మాత్రం కొత్తవాటిలా తెల్లగా ఉన్నాయి. నీళ్లు దారి చేసుకున్నది అక్కడే. విప్పేటప్పుడు ఆ బోల్టు తేలిగ్గా వచ్చింది గానీ, నూనె రాసినందువల్ల అనుకున్నాడు. ఇనుప బద్ద పెట్టి చూస్తే హెడ్డు ఎక్కడా వంకర పోలేదు. మరి తప్పెక్కడుంది?

కాస్త గమ్ము దట్టించమని లువా సలహా ఇచ్చింది. పుచ్చిన పంటికి సున్నం రాసుకునేవాళ్లు చేసే పని అదని కసిరి, హెడ్డూ ఇంజనూ ఆనుకునే రెండు ముఖాలూ గోరు పెట్టి తడిమి తడిమి తుడిచాడు. కొత్త గ్యాస్కెట్టు పరిచి, హెడ్డు దించి, బోల్టులన్నీ వేళ్లతో తిప్పి, పానా అందుకున్నాడు. పెదాలు వాటంతటవే కదిలాయి: రెండోవాడు, మూడోది, నాలుగోవాడు... లువా పడవ అంచున కూర్చుని పంపరపనస వలుస్తోంది.

"అదేంటన్నా, ఐదు తర్వాత ఏడా?" అంది. "ఆరోవాడు ఎటు పోయాడు?"

ఖియెమ్ చెయ్యి ఆగిపోయింది. ఆరో బోల్టు మీద పానా వేస్తే అది చేతికింద గిర్రున తిరిగింది. ముప్పై ఏళ్లలో ఆ ఒక్క పిలుపూ అతని నోట ఎప్పుడూ రాలేదు. అది థోవాది. తనను తాను ఎవరు పిలుచుకుంటారు? ఈ పద్నాలుగు నెలల్లో ఎన్ని హెడ్లు ఇలాగే బిగించి పంపాడో! ఆ పడవల్లో కొన్ని ఈ రేవు ఎందుకు మానేశాయో ఇప్పుడు తెలిసింది.

"నేను పిలవనా?" అని మెల్లగా అడిగింది లువా. వద్దని తల ఊపాడు. మళ్లీ మధ్య నుంచి మొదలుపెట్టాడు. ఐదోది అయింది. గొంతు సవరించుకున్నాడు.

"ఆరోవాడా, విన్నావా?"

లువా కత్తి పక్కన పెట్టేసింది.

"విన్నా," అన్నాడు ఖియెమ్, పానా లాగాడు. మూడు విడతల్లోనూ మూడుసార్లు అడిగాడు, మూడుసార్లు బదులిచ్చాడు.

నూనె మార్చి, ఇంజను గంటసేపు నడిపి, చల్లారాక మళ్లీ ఓసారి బిగించాడు. పుల్ల ముంచి తీస్తే నూనె తేటగా ఉంది. లువా వలిచిన పంపరపనస తొనలు సగం అతని చేతిలో పెట్టింది.

"ఇక ఏడాది దాకా నీ మొహం చూడక్కర్లేదన్నా," అని నవ్వుతూ తాడు విప్పింది.

నిజమే. పని బాగా చేస్తే ఎవరూ త్వరగా తిరిగిరారు. ఇంజను చప్పుడు మలుపు దాటేదాకా గట్టు మీదే నిలబడ్డాడు. ఆ రోజు ఇంకే పడవా ఆగలేదు. చీకటి పడే ముందు పొయ్యి దగ్గరకు వెళ్తూ, థోవా పీట పక్కన ఆగాడు.

"ఆరోవాడా, తిన్నావా?"

"ఇంకా లేదు," అని చెప్పి, ఒక్కడికి సరిపడా బియ్యం కడిగాడు.