దుప్పటి మూలన మూడు చుక్కలు

ఆ దుప్పటిలో ఏదో ఉందన్న అనుమానం కృపాకుమారికి తొమ్మిదేళ్ళుగా ఉంది. ఎవరితోనూ అనలేదు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి అలాంటి మాటంటే నలుగురూ నవ్విపోతారు.

బందరులో గిలకలదిండి రోడ్డు మీద ఇల్లు కట్టుకుని ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్న రోజున, పాత అద్దెవాటాలో పక్కింటావిడ సీతారావమ్మ పెడన నుంచి వచ్చి ఓ కలంకారీ దుప్పటి చేతిలో పెట్టింది. ముదురు ఎరుపు మీద నల్లటి లతలు. ఆ రాత్రే పరిచారు. ఆ వారంలోనే భర్త శామ్యూల్ రాజ్‌కి నిద్ర కరువైంది. దుప్పటి మడతపెడుతుంటే మూలన కనబడింది: చిన్న అరచందమామ, దాని కింద మూడు చుక్కలు. లతలకీ వాటికీ ఏ పొంతనా లేదు. కృప దాన్ని ట్రంకుపెట్టెలో అడుక్కి తోసి, పైన పాత బైబిలు పెట్టి, తాళం వేసింది.

నిద్ర మాత్రం తిరిగి రాలేదు. పారేద్దామంటే ఇచ్చిన మనిషి మంచిది. ఇంకొకరికి ఇద్దామంటే ఆ పాపం తనకెందుకు? ప్రార్థన మీద నమ్మకముంటే పెట్టెకి తాళమెందుకని అప్పుడప్పుడూ తనకే అనిపించేది. అయినా తాళం తియ్యలేదు.

శామ్యూల్ రాజ్ స్కూలు బస్సు నడుపుతాడు. మొన్న పిల్లల్ని హంసలదీవి చూపించి తీసుకొస్తుంటే పులిగడ్డ వంతెన మీద కునుకు పట్టింది. వెనకనున్న టీచరు అరవబట్టి సరిపోయింది. ఇంకోసారి ఇలా జరిగితే తాళాలిచ్చేసి వెళ్ళిపొమ్మని కరస్పాండెంటు చెప్పేశాడు.

నర్సింగు చదివే కూతురు బ్లెస్సీ నడుం బిగించింది.

"ముందు మీ గది మార్చాలమ్మా. సెల్లు రిపేరు కొట్టులా ఉంది. మూడు చార్జర్లు, నెత్తి మీద ట్యూబులైటు, ఎదురుగా టీవీ."

"టీవీ ఏం చేసిందే పాపం?" అన్నాడు శామ్యూల్ రాజ్.

"అదేం చెయ్యలేదు నాన్నా. మీరే రోజూ పది గంటలకి వార్తల వాళ్ళతో దెబ్బలాడి పడుకుంటున్నారు."

టీవీ ముందుగదిలోకి వెళ్ళింది. గోడల మీది గులాబీరంగు పోయి లేత ఆకుపచ్చ వచ్చింది. ట్యూబులైటు బదులు చిన్న పసుపు బల్బు పెట్టారు. కృప అన్నిటికీ తలూపుతూనే, మంచం కింది ట్రంకుపెట్టె వైపు చూస్తూ ఉండేది. అది గదిలో ఉండగా ఈ రంగులేం చేస్తాయి?

"ఇక కిటికీకి మందపాటి కర్టెను కావాలి. రాత్రంతా చేపల రేవుకెళ్ళే ఐసు లారీల లైట్లు నాన్న మొహం మీదే," అంది బ్లెస్సీ. "పాతింట్లో నడిమి గదిలో పడుకునేవారుగా. ఇక్కడికొచ్చాకే కదమ్మా ఇది మొదలైంది?"

కృప ఉలిక్కిపడింది. ఇన్నేళ్ళూ లెక్క దుప్పటి నుంచే మొదలుపెట్టింది గానీ, ఇంటి నుంచి మొదలుపెట్టలేదు. అయినా అనుమానం అంత తేలిగ్గా వదల్లేదు.

మర్నాడు కర్టెన్ల గుడ్డ కోసం పెడన వెళ్ళింది. రంగు కలవాలన్న వంకతో దుప్పటి సంచీలో పెట్టుకుంది. అద్దకం షెడ్డు వెనక గుడ్డలు ఆరేసి ఉన్నాయి. ఒకదాని మూల తిప్పి చూసింది. రెండు గీతలు. ఇంకోదానికి చేప. మరోదానికి పాము మెలికలాంటిది. చప్పున మూల వదిలేసింది.

"ఏం చూస్తున్నారమ్మా?" షెడ్డు మేస్త్రీ రామబ్రహ్మం దగ్గరికొచ్చాడు.

"ఈ గుర్తులేంటండీ?"

"మా బల్లల గుర్తులు. ఉడకేసి కాలవలో జాడించాక గుడ్డలన్నీ కలిసిపోతాయి. ఏది ఎవరద్దారో తెలియాలిగా? మరక వస్తే తిట్టడానికి మనిషి కావాలి కదండీ!"

ఎంత గడుసుగా చెబుతున్నాడో అనుకుంటూ కృప దుప్పటి మూల మాత్రం బయటికి లాగింది.

"ఇది సీతారావమ్మ గుర్తు. సొంతానికి అద్దుకున్నదానికి గుర్తు అక్కర్లేదు గానీ, చేతి అలవాటు. లోపలే ఉందిగా. ఓ సీతారావమ్మా!"

కృప సంచీ మూసేలోపే ఆవిడ వచ్చేసింది.

"ఎన్నాళ్ళకమ్మాయ్! మంచం మీద పరిచి కబురు చేస్తా, వచ్చి చూద్దురుగాని అన్నావు. తొమ్మిదేళ్ళయింది. నీ కబురు నడిచొస్తోందా ఏమిటి?"

కృప చెంపలు వేడెక్కాయి. "ఈ ఆదివారం రండి పిన్నిగారూ. తప్పకుండా రండి."

ఆదివారం మధ్యాహ్నం సీతారావమ్మ వచ్చింది. వంటింట్లో టీ చేతికిచ్చి, కృప దాచకుండా అంతా చెప్పేసింది. సీతారావమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

"నాకు మంత్రాలే వస్తే ఈ మోకాళ్ళతో ఎండలో గుడ్డలు ఆరేస్తానా?" అంది. నవ్వుతూనే అంది గానీ, టీ మాత్రం చల్లారిపోయింది. "ఒక్కసారి నన్నడిగితే పోయేది కదమ్మాయ్."

"తప్పు నాదే పిన్నిగారూ. క్షమించండి."

"సరేలే. దుప్పటి చూపించు."

గది తలుపు తీస్తే లోపల చీకటిగా, చల్లగా ఉంది. కొత్త కర్టెన్లు వేసి ఉన్నాయి. ఎర్రదుప్పటి మీద శామ్యూల్ రాజ్ బోర్లా పడుకుని గురక పెడుతున్నాడు.

"లేపుతానుండండి," అంది కృప.

సీతారావమ్మ ఆమె చెయ్యి పట్టి ఆపింది. "అల్లుడుగారిని పడుకోనీ." గడప ఇవతలే నిలబడి, మెడ సాచి, అంచు నుంచి అంచుదాకా తీరిగ్గా చూసుకుంది.

"కాళ్ళ దగ్గర ఆ లత చూడు, అచ్చు జారింది," అంది గుసగుసగా. "అప్పుడే పిలిచుంటే మార్చి ఇచ్చేదాన్ని."

"ఇప్పుడు మాత్రం మార్చకండి."

"మార్చనులే. చూసేశానుగా, నీ బాకీ తీరింది," అని సీతారావమ్మ చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగింది.