తల ఆనే పల్లం

కరోస్ రాతి మంచం మీద వెల్లకిలా పడుకుని తలను అటూ ఇటూ కదిపి చూశాడు. ఎడమ చెవి దగ్గర రాయి ఇంకా ఒరుసుకుంటోంది. లేచి, దీపాన్ని దగ్గరికి జరుపుకుని, సన్న ఉలితో మళ్ళీ చెక్కసాగాడు.

ముప్పై ఏళ్ళుగా సార్డిస్ నగరపు దొరల సమాధుల్లో మంచాలు చెక్కుతున్నాడు. చచ్చినవాళ్ళ తల ఎక్కడ ఆనుతుందో తన తలతోనే కొలుస్తాడు. మోకాళ్ళు కాయలు కాశాయి. రాతిదుమ్ము అతని కనురెప్పల్లో, దగ్గులో, తినే రొట్టెలో కూడా ఉంటుంది. ఈ గదిలో మంచాలు రెండు. ఒకటి రేపు రాబోయే దొరకు, రెండోది ఇంకా బతికున్న ఆయన భార్యకు.

"మామా, నిద్రపోయేవు. దొరసాని వచ్చి తన్నగలదు," అన్నాడు రాళ్ళు మోసే అలూస్, గుమ్మంలోంచి.

"ఆమెకేం తొందర్రా. ఇంకా పళ్ళన్నీ ఉన్నాయి."

మధ్యాహ్నం మేస్త్రీ వచ్చాడు. బయట పడేసిన పలకల్లో విరిగినదొకటి ఇప్పించమన్నాడు కరోస్. ఆ మాట నోట రావడానికి అతనికి రెండు నెలలు పట్టింది.

"ఎందుకురా?"

"మా ఇంటిదానికయ్యా. చిన్న మంచం చెక్కుకుంటాను."

భార్య నానస్‌ను నిరుడు ఏటి ఒడ్డున మట్టిగుట్టలో పెట్టారు. చలికాలపు వానలకు గుట్ట సగం విరిగి ఏట్లో కలిసిపోయింది. ఆమె లేదు, ఆమెను పెట్టిన గొయ్యీ లేదు. గోతిలో ఆమె పక్కన పెట్టాల్సిన సువాసన నూనె బుడ్డిని ఆ రోజు ఏడుపులో మరిచిపోయాడు. అది అతని నడుముకట్టులోనే ఉండిపోయింది.

"ఎముకే లేనిదానికి మంచమేంట్రా?" అన్నాడు మేస్త్రీ. కసురుకోలేదు, కొలత తప్పిందని చెప్పినట్టు చెప్పాడు. "ఆ పలకలు నడవ పూడ్చడానికి కావాలి."

"అవునయ్యా," అన్నాడు కరోస్. అది నిజమేనని అతనికీ అనిపించింది.

లోపలికి వెళ్ళి దొరసాని మంచానికి తలపల్లం చెక్కాడు. ఈసారి తన తలతో కొలవలేదు. తన అరచేతి వెడల్పుకి చెక్కాడు. నానస్ తల ఆనింది ఆ చేతిలోనే. పల్లం నున్నగా అయ్యాక బుడ్డిని అందులో పెట్టాడు. పక్క మంచం మీద నడుం వాల్చాడు.

సాయంత్రం పిలిస్తే పలకలేదు. అలూస్ దీపం పట్టుకుని వచ్చాడు.

"మామా, లే. పొద్దుగూకింది."

కరోస్ తల దొర పల్లంలో సరిగ్గా ఇమిడి ఉంది. చెయ్యి చల్లగా ఉంది.

గబగబా దించి, మంచాన్ని నీళ్ళతో కడిగారు. పొద్దున్నే అతన్ని మట్టిగుట్టలో మిగిలిన సగంలో పెట్టారు. మధ్యాహ్నం దొరను తెచ్చారు. పక్క మంచం మీది బుడ్డిని అలూస్ చూశాడు, దొర సామానే అనుకున్నాడు. అక్కడ దొరదైనా కూలివాడిదైనా నూనె బుడ్డి ఒకేలా ఉంటుంది. రాతితలుపు మూసి, నడవను విరిగిన పలకలతో పూడ్చారు. దొరసాని వచ్చేనాటికి మళ్ళీ తవ్వుకోవచ్చు.

లోపల, ఇంకా ఎవరి తలా ఆనని పల్లంలో, మూతి దగ్గర కాస్త పెచ్చు ఊడిన మట్టిబుడ్డి, దాని అడుగున ఎండిన నూనె మరక.