నొసలు కాదు, అరచెయ్యి

చిరాగ్‌పల్లి ఇంకా రెండు మైళ్లుందనగా చెరకు లారీ ఒకటి ట్రాక్టర్‌ను పక్క నుంచి కొట్టింది. రామ్‌కిషన్ ప్రధానానికని ట్రెయిలర్‌లో బయలుదేరిన చుట్టాలు పద్దెనిమిది మంది రోడ్డు కిందున్న అల్లం చేలో చెల్లాచెదురుగా పడ్డారు. వెనక స్కూటర్ మీద వస్తున్న భాగీరథి ఒళ్లో పసుపు కుంకుమల బుట్ట మాత్రం చెక్కుచెదరలేదు.

స్కూటర్ ఆగీ ఆగకముందే ఆమె అత్తగారి కోసం పరుగెత్తబోయింది. మదన్‌మోహన్ భార్య చెయ్యి పట్టి ఆపాడు.

"ఉరుకకు. ఒక్కరి తాన కూసుంటే మిగిలినోళ్లు పోతరు. నా ఎంబడి రా."

పెళ్లికొడుకు రామ్‌కిషన్‌కు అన్న అతను. పదిహేనేళ్లు సైన్యంలో, డాక్టర్ల చేతికింద పనిచేసి వచ్చాడు. డెబ్భై ఒకటి యుద్ధంలో గాయపడ్డవాళ్లు లారీలకు లారీలు దిగుతుంటే, ఎవరిని ముందు డేరాలోకి పంపాలో, ఎవరిని ఆపాలో వాకిట్లో నిలబడి తేల్చినవాడు. జహీరాబాద్‌లో మందుల దుకాణం పెట్టాక ఆ సంగతులు అన్నం ముందు మొదలుపెడితే, "తినేకాడ నెత్తురు ముచ్చటేంది?" అని భాగీరథి కసిరేది. ఆ మనిషే ఇప్పుడు గట్టు మీద నిలబడి, ఇంట్లో ఎన్నడూ వినని గొంతుతో కేకేశాడు.

"నడిచేటోళ్లందరు లేచి బోరు కాడికి పోండ్రి! నడవరానోళ్లు ఆడనే ఉండుండ్రి!"

తొమ్మిది మంది కుంటుకుంటూ లేచి పోయారు. ఒక్క కేకతో సగం చేను ఖాళీ అయింది. మోకాలు పట్టుకుని గగ్గోలు పెడుతున్న బాలమణిని అతను దాటిపోయాడు. భాగీరథి చిన్నత్త బీరమ్మ కూతురు బాలమణి.

"అన్నా, గిట్ల పోతవేందే? సస్తున్న!"

"అరుస్తున్నవంటే ఊపిరున్నట్లే," అన్నాడు మదన్‌మోహన్ వెనక్కి చూడకుండా. "సప్పుడు లేనోళ్ల తాన్కి మొదలు పోవాలె."

ఒక్కొక్కరి దగ్గర అర నిమిషానికి మించి ఆగలేదు. ఊపిరి ఎట్లా ఉంది, నాడి ఎట్లా ఉంది, రక్తం ఎక్కణ్ణుంచి పోతోంది, పేరు పెట్టి పిలిస్తే పలుకుతున్నారా, అంతే. సదాశివ వెల్లకిలా పడి గురగురమంటుంటే నోట్లో మట్టి తీసి ఒత్తిగిలి పడుకోబెట్టాడు. గుండయ్య తాత మెడ మీద వేళ్లు పెట్టి చూసి, తాత కండువానే ముఖాన కప్పి లేచాడు.

"మా తాన చొక్కా గుండీకి చీటీ కడుతుంటిమి. ఈడ చీటీలేడివి? బుట్ట తే. ముందు పోవాల్సినోళ్ల నొసట కుంకుమ పెట్టు. ఆగగలిగినోళ్లకు పసుపు."

అత్తగారు సుగుణమ్మ చేను గెనెం గట్టు పక్కన ముడుచుకుని పడి ఉంది. ఒంటి మీద ఒక్క గాయం లేదు. ముఖం మాత్రం పాలిపోయి చెమటలు పట్టింది, చేతులు చల్లగా ఉన్నాయి. మదన్‌మోహన్ తల్లి పొట్ట మీద చెయ్యి వేశాడు. పీటలా గట్టిగా ఉంది.

"లోపల్నే నెత్తురు కారుతున్నది. మీదికి కనపడది," అని తనే నొసట కుంకుమ పెట్టి, రెండోసారి చూడకుండా ఎంకయ్య దగ్గరికి పోయాడు. ఎంకయ్య తొడలోంచి రక్తం ఎగజిమ్ముతోంది. మదన్‌మోహన్ అందులో పిడికిలి కూరి కూర్చుండిపోయాడు.

నలుగురికి కుంకుమ పడింది, నలుగురికి పసుపు. ఇంతలో అల్లం బస్తాలతో పోతున్న మెటాడోర్ ఆగింది. డ్రైవర్ సిద్దప్ప బీదర్ మనిషి. ఎవరూ అడగకముందే బస్తాలు రోడ్డు మీదికి తోసేశాడు.

"నలుగురు పండుకోవచ్చమ్మా, అంతే!"

నొసలు ఎర్రగా ఉన్నవాళ్లను ఎక్కించమని రామ్‌కిషన్‌కు చెప్పి, భాగీరథి కట్టు కట్టడానికి ఎంకయ్య తలపాగా విప్పసాగింది. దాన్ని తొడకు చుట్టి, కింద ఒక కర్ర పెట్టి మెలితిప్పి బిగించేసరికి రక్తం నిలిచింది. తలెత్తి చూస్తే బండిలో సదాశివ, కుంకుమ పడ్డ నారమ్మ, వాళ్ల పక్కన బాలమణి ఉన్నారు. సుగుణమ్మ గెనెం పక్కనే ఉంది. ఆమె నొసలు శుభ్రంగా ఉంది.

"కుంకుమ ఎవరు తుడిచిన్రు?"

"నేనే," అంది బోరు కాడి నుంచి వచ్చి అక్క పక్కన కూర్చున్న బీరమ్మ, ఏడుస్తూ. "బావ పోయి పదేండ్లాయె. అక్క నొసట కుంకుమ పెడితే చూస్కుంట ఊకుందునా?"

బాలమణి నొసట పొద్దున పెట్టుకున్న రూపాయంత బొట్టు మెరుస్తోంది. దాని మీద అద్దిన పసుపు ఎప్పుడో చెమటకు కారిపోయింది. మగవాళ్ల మధ్య పదిహేనేళ్లు పనిచేసిన మనిషికి, ముత్తైదువల నొసట ఎరుపు ముందే ఉంటుందని తట్టలేదు. బుట్ట మోసుకొచ్చిన తనకైనా తట్టొద్దా?

"ఏమండీ, బండిల తప్పు మనిషెక్కింది. బాలమణిని దించాలె."

మదన్‌మోహన్ ఎంకయ్య కట్టు మీంచి చెయ్యి తియ్యలేదు. "నన్నడగకు. చూసినవు గద. చెయ్యి."

ఆమె బండి ముందుకు పోయి నిలబడింది. "సిద్దప్పా, జర ఆగు. రామ్‌కిషన్, బాలమణిని దించు."

"నా కాలు ఇరిగింది కనపడ్తలేదా వదినా?"

"కనపడ్తుంది. నీ కాలు ఇంకో గంట ఆగుతది. అత్తమ్మ ఆగది."

"నీ అత్త అని నన్ను దింపుతున్నవ్!"

"నా అత్తే. అయినా నీ నాడి గిట్ల పడిపోతే నిన్నే ఎక్కిస్తును, ఆమెను దించుతును. తిట్టు, ఎంత కావాల్నో తిట్టు. నువ్వు తిట్టినంతసేపు నాకు ఫికర్ లేదు."

బోరు కాడి నుంచి ఎవరో నవ్వారు. బాలమణి తిడుతూనే దిగింది. సుగుణమ్మను ఎక్కించారు, ఆమె పక్కన ఎంకయ్యను. భాగీరథి వేలు కుంకుమలో ముంచి ఈసారి నలుగురికీ కుడి అరచేతిలో అద్దింది. చేలో ఆగినవాళ్ల అరచేతుల్లో పసుపు అద్దింది.

"దవాఖానల అరచెయ్యి చూడుమను. నొసలు కాదు," అని సిద్దప్పకు రెండుసార్లు చెప్పి, బండి కదిలాక బాలమణి దగ్గర కూర్చుని గొడుగు కర్రతో కాలికి దబ్బ కట్టింది. కడుతూనే అటూ ఇటూ చూస్తూ, పావుగంటకోసారి లేచి మిగతా ముగ్గురి నాడి చూసింది. గంటలోపే మెటాడోర్ మళ్లీ వచ్చింది.

సుగుణమ్మను ఆ సాయంత్రమే సంగారెడ్డి తీసుకుపోయి పొట్ట కోశారు. తొమ్మిదో రోజు ఆమె మంచం మీద లేచి కూర్చుని, దవాఖాన గంజి వద్దని జొన్నరొట్టె అడిగింది. బీరమ్మ పక్కన కూర్చుని, తను చేసిన పని ఆమెతో చెప్పుకుని ముక్కు చీదింది.

సుగుణమ్మ అంతా విని తోడికోడలి వైపు తిరిగింది.

"మల్ల గిట్లయితే నొసలు నిండ పూయనియ్యే, బీరీ," అంది. "బతికినంక నేనే కడుక్కుంట."