పొరలో చిన్న దారి

పిండానికి వరస కలపకూడదన్నది కృత్రిమ గర్భధారణ ల్యాబులో పిండాలను చూసుకునే అక్క పెట్టుకున్న చట్టం. గర్భంలో నిలిచేదాకా అది కణాల ముద్దే, బిడ్డ కాదు. డాక్టర్లు కూడా ఆమె ముందు నోరు జారేవారు కాదు. చెల్లెలు మొదటిసారి చికిత్సకొచ్చి "నా బుజ్జిది ఎలా ఉందక్కా?" అంటే, "అప్పుడే ముద్దుపేర్లు పెట్టకు" అని కసిరింది. అది నిలవలేదు. రెండోదీ నిలవలేదు. రెండుసార్లూ అక్క కళ్లు తడవకపోయేసరికి, అక్క గుండె రాయి అని చెల్లెలు తేల్చేసింది. ఆ రాయి ఇంటికెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చేదని ఎవరికి తెలుసు?

ఇప్పుడు మిగిలిన పిండం ఒక్కటే. ఇదీ పోతే ఇక ఆశ వదులుకుంటానని చెల్లెలు చెప్పేసింది.

గడ్డకట్టించి దాచిన పిండం కదా, దాని పైపొర గట్టిపడి మొండికేసింది. ఆ పొర దాటి బయటికొస్తేనే గర్భానికి అంటుకునేది. అందుకే లేజరుతో పొరలో సన్నని సందు చేయాలి. గురి వెంట్రుకవాసి తప్పినా లోపలి కణాలు మాడిపోతాయి. మరొకరికి అప్పగిద్దామంటే చెల్లెలు ఒప్పుకోలేదు. "తిట్టినా కొట్టినా నువ్వే చెయ్యాలి" అంది.

అక్క మైక్రోస్కోపు మీదికి వంగింది. ఇన్నేళ్లుగా ఎన్నో పిండాలను చూసిన కళ్లు మసకబారాయి. తుడుచుకుని, గురి సరిచూసుకుని, గొంతు తగ్గించింది.

"భయపడకు నాన్నా. పెద్దమ్మని, నీకేం కానిస్తానా? దారి చేస్తాను, మెల్లగా రా. మీ అమ్మ నీకోసం చూసి చూసి సగమైపోయింది."

బటను నొక్కింది. పొర విడింది. కణాలు చెక్కుచెదరలేదు.

అప్పుడు చూసింది, పక్కగదికి పిండాన్ని అందించే చిన్న కిటికీని. నర్సు ముందే తలుపు తీసిపెట్టింది. అవతల మంచం మీద పడుకున్న చెల్లెలు అంతా వినేసింది.

"అక్కా, ఎవరికి పెద్దమ్మవి?" అంది చెల్లెలు.

"నోరు మూసుకుని పడుకో" అంది అక్క.

పిండాన్ని సన్నని గొట్టంలోకి తీసి అందించింది. డాక్టరు దాన్ని చెల్లెలి గర్భంలోకి వదిలి గొట్టం తిరిగిచ్చాడు. ఒక్కోసారి పిండం అందులోనే చిక్కుకుపోతుంది కాబట్టి మైక్రోస్కోపు కింద పెట్టి వెతకాలి. అక్క ఒకటికి రెండుసార్లు వెతికింది. ఏమీ లేకపోతే "ఖాళీ" అని ఒక్క ముక్క చెప్పి కిటికీ మూసేయడం ఆమె అలవాటు.

ఈసారి మూయలేదు. కిటికీలోంచి తల దూర్చింది.

"గొట్టంలో లేదే తల్లీ. మన బిడ్డ నీ దగ్గరే ఉంది."