కింద పెట్టిన రివాల్వర్

మా తుపాకుల సంతలో ఒక కట్టుబాటు ఉంది. ఎక్కడా రాసి ఉండదు. బల్ల మీది రివాల్వర్ ఒకడి చేతిలో ఉన్నంతసేపూ దాని మీద మాట వాడిదే. పక్కవాడు ధర అడగకూడదు, చెయ్యి చాపకూడదు. వాడు కింద పెట్టాక మాత్రం ఎవరు ముందు తీస్తే వాళ్ళది.

పదిహేడేళ్ళ కిందట నేను కింద పెట్టాను.

మార్చి నెల. సేజ్ ఫోర్క్‌లో పశువుల పోటీలు జరిపే రేకుల హాలు. వ్యోమింగ్ నుంచి వచ్చిన ఓ ముసలాయన బల్ల మీద దొరికింది అది. స్మిత్ అండ్ వెస్సన్, నలభై నాలుగు, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు చేసినది. ఆ రకానికి తూటాలు పెట్టే సిలిండర్‌ని మూడు చోట్ల పట్టి ఉంచే గొళ్ళాలుంటాయి. ఆ పనితనం ఖర్చని తర్వాత మూడోది తీసేశారు. అందుకే మేమంతా దాన్ని మూడు గొళ్ళాలది అంటాం. తొమ్మిదేళ్ళు వెతికాను దానికోసం.

ముసలాయన్ని అడిగి సుత్తి మెల్లగా వెనక్కి లాగాను. సిలిండర్ తిరిగి టక్కున నిలబడింది. వేలితో కదిపి చూశాను, ఇసుమంత కూడా ఊగలేదు. గొట్టం చివర నీలం పూత, తోలు ఒరకి రాసుకుని, తెల్లబడింది. అంటే పెట్టెలో దాచింది కాదు. వాడారు. వాడినవాడికి వాడటం వచ్చు.

బేరం కూడా ఆడలేదు నేను. ధర చీటీ చూశాను, తలూపాను. పర్సు ఓవరాల్స్ లోపలి జేబులో ఉంది. రెండు చేతులూ కావాల్సొచ్చి రివాల్వర్ బల్ల మీద పెట్టాను.

నా భుజం మీంచి ఒక ఎడమ చెయ్యి వచ్చింది.

"నేను తీసుకుంటున్నా" అంది గొంతు.

వెర్ల్ కిట్రిడ్జ్. మా కంచెకి అవతలి కంచె వాడిది.

"వెర్ల్, నేను డబ్బు తీస్తున్నానయ్యా" అన్నాను.

"తియ్యి, ఎవరొద్దన్నారు? కింద పెట్టావుగా."

ముసలాయన నా వంక చూసి భుజాలెగరేశాడు. ఆయన తప్పేం లేదు. కట్టుబాటు అది.

వెర్ల్ అక్కడే, అందరి ముందూ, సిలిండర్ తెరిచి, మణికట్టు విదిలించి మూశాడు. సినిమాల్లో మూసినట్టు. అలా మూస్తే సిలిండర్‌ని మోసే ఇనప చెయ్యి వంకరపోతుంది. చంటిపిల్లని చెంప మీద కొడితే చూసినట్టయింది నాకు.

అది మొదలు నెలకోసారి, మేమంతా గుళ్ళగుట్ట కింద ఇనుప బిళ్ళలు నిలబెట్టి గురి చూసి కాల్చే చోటికి వాడు దాన్ని నడుముకి కట్టుకుని వచ్చేవాడు. బిళ్ళలు మోగించి, పొగ ఊదుకుంటూ నా దగ్గరికొచ్చి పిడి నా వైపు తిప్పేవాడు.

"చూస్తావా ఆర్నె? కింద పెట్టకు మరి!"

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ పళ్ళు కనబడనిచ్చేవాణ్ణి. పదిహేడేళ్ళు, ఏడాదికి పన్నెండు సార్లు.

నేను ఎక్కువ మాట్లాడను. చూస్తాను.

వెర్ల్‌కి కుడి బొటనవేలు లేదని అందరికీ తెలుసు. కుర్రతనంలో దూడకి తాడు విసిరి, కొస గుర్రం జీను కొమ్ముకి చుడుతుంటే వేలు మధ్యలో పడి తెగిపోయింది. అందుకే కాల్చడం ఎడమ చేత్తో. అయితే ఎడమ చెయ్యి ఖాళీ లేకపోతే కుడి చేత్తో వాడు కోటు గుండీ విప్పలేడని గమనించినవాణ్ణి నేనొక్కణ్ణే. అద్దాలు చొక్కా జేబులో పెట్టుకుంటాడు. అద్దాల్లేకుండా వాడికి పేపర్లో పెద్దక్షరాలు కూడా ఆనవు.

ఇంకొకటి కూడా తెలుసు నాకు. వెర్ల్ నాన్న ఎల్బర్ట్ మా షెరీఫ్ దగ్గర డిప్యూటీగా చేశాడు. దుప్పికొమ్ము పిడి వేసిన కోల్ట్ రివాల్వర్ ఉండేది. ఆయన పోయిన వారానికి వెర్ల్ అమ్మ దాన్ని ట్రాక్టర్లు అమ్మే ఓ దారినపోయేవాడికి ఇచ్చేసింది. వెర్ల్ అప్పుడు సైన్యంలో ఉన్నాడు. "ఒక్క ఉత్తరం ముక్క రాసుంటే" అనేవాడు, రెండు బీర్లు పడ్డాక. "పిడి అడుగున నాన్న కత్తిమొనతో తన పేరు చెక్కుకున్నాడు. ఎక్కడున్నా గుర్తుపడతా."

మూడేళ్ళ కిందట డకోటాలో ఒక వేలంలో అది నా కంటపడింది. కొన్నాను. ఇంటికి తెచ్చి, నూనె గుడ్డలో చుట్టి, సాక్సుల సొరుగులో పెట్టాను. మా ఆవిడ లోరీన్ ఒకసారి చూసింది.

"ఇది ఎల్బర్ట్‌ది కదూ? వెర్ల్‌కి ఇచ్చెయ్యకూడదూ?"

"ఇస్తా. టైము రానీ."

అమ్మితే డబ్బొస్తుంది. ఇస్తే మంచివాడినంటారు. నాక్కావలసింది ఆ రెండూ కాదు. వాడి చేతిలోకి రావాలి, వచ్చాక పోవాలి. అప్పుడు మూడు గొళ్ళాలది వాడంతట వాడే నా బల్ల మీద పెట్టి బతిమాలాలి.

రెండేళ్ళు మార్చి నెల వెచ్చగా ఉంది. కోట్లు విప్పుకు తిరిగారు జనం. ఆగాను. ఈ ఏడు సంత రోజున మంచు గాలి. కావాలని తలుపు పక్క బల్ల అడిగి తీసుకున్నాను. చలికి ఆ బల్ల ఎవరికీ అక్కర్లేదు. కోల్ట్‌కి ధర చీటీ కట్టి దాని మీద పెట్టాను.

ముందురోజు ఆర్డిస్ లిండ్‌క్విస్ట్‌కి ఫోన్ చేశాను. బడి బస్సు నడుపుతుంది. మా అందరికంటే బాగా కాలుస్తుంది.

"వెర్ల్ రేపు నా బల్ల మీద ఒకటి తీసి కింద పెడతాడు. పెట్టగానే తియ్యి, కొంటానను" అన్నాను.

"దేన్ని?"

"చూస్తావుగా."

"నీ దగ్గర మాట పుట్టించాలంటే కాన్పు చేసినట్టే ఆర్నె" అని ఫోన్ పెట్టేసింది.

పదిన్నరకి వెర్ల్ వచ్చాడు. ఒక చేతిలో చర్చి ఆడవాళ్ళు అమ్మే దాల్చినచెక్క రొట్టె. కోటు మెడదాకా గుండీలు. నడుముకి మూడు గొళ్ళాలది, మామూలే.

"ఏమోయ్ ఆర్నె, తలుపు దగ్గర కూర్చోబెట్టారేం? గాలికి కొట్టుకుపోతావు..." అంటూ బల్ల చూశాడు. రొట్టె ఎక్కడ పెట్టాడో నేను చూడలేదు. ఎడమ చెయ్యి కోల్ట్ మీద పడింది.

చాలాసేపు పట్టుకున్నాడు. పిడి తిప్పి అడుగున వేలితో తడిమాడు. అక్షరాలు ఉన్నాయి, తగులుతున్నాయి. చదవడానికి రావడం లేదు. దూరంగా పెట్టాడు, దగ్గరగా పెట్టాడు.

"ఎక్కడిది ఇది?"

"డకోటాది."

"ఏం రాసుందో చెప్పు."

"నువ్వే చూసుకో."

వాడి కుడి చెయ్యి కోటు గుండీ దగ్గర నాలుగు వేళ్ళతో తడబడింది. ఒకసారి, రెండుసార్లు. పదిహేడేళ్ళూ ఆ ఒక్క గుండీ దగ్గరికొచ్చి నిలబడ్డాయి.

వాడు కోల్ట్‌ని బల్ల మీద పెట్టాడు.

ఆర్డిస్ చెయ్యి వచ్చింది. "నేను తీసుకుంటున్నా."

అద్దాలు సగం పెట్టుకుని వెనక్కి తిరిగాడు వెర్ల్. ఆ మొహం నాకు తెలుసు. దాన్ని లోపల్నుంచి చూసినవాణ్ణి. కడుపులో చల్లటి నీళ్ళు పోసినట్టుంది.

"ఆర్డిస్, అది మా నాన్నది."

"చేతిలో ఉన్నప్పుడు అనాల్సింది వెర్ల్. కింద పెట్టావుగా."

చుట్టుపక్కల బల్లల వాళ్ళు లేచి చూస్తున్నారు. వెర్ల్ నా వైపు తిరిగాడు. నడుము నుంచి మూడు గొళ్ళాలదాన్ని తీసి, సిలిండర్ తెరిచి ఖాళీ అని చూపించి, మెల్లగా మూశాడు. ఎడమ బొటనవేలితో నొక్కి, మెల్లగా. నా ముందు పెట్టాడు.

"దానికి బదులు ఇది. మొదట్నుంచీ నీదేగా. ఇప్పించు ఆర్నె. నీకు దణ్ణం పెడతా."

అంతా నేను అనుకున్నట్టే జరిగింది. ఇక ఆర్డిస్ కోల్ట్‌ని నా చేతికివ్వడమే మిగిలింది. ఆమె వంక చూశాను. ఆమె నోట్లు లెక్కపెట్టి నా ముందు పెడుతోంది.

"సరిగ్గా చీటీ మీద ఉన్నంతే. కబురు చేసి మంచి పని చేశావు ఆర్నె. మా ఆయన పోయాక నాకింత మేలు ఎవరూ చెయ్యలేదు" అంది.

అప్పుడర్థమైంది. తియ్యమని చెప్పాను. తిరిగిమ్మని చెప్పలేదు. నా నోట మాట రాదు కదా, ఆ రెండో మాట నోట్లోనే ఉండిపోయింది.

"ఆర్డిస్, అది..." అన్నాను.

"అది?"

ఇరవై మంది చూస్తున్నారు. అది నాటకం అని చెప్పాలి. కట్టుబాటుని ఉచ్చుగా పన్నానని చెప్పాలి. లేదా చేతిలో పడ్డదాన్ని వెనక్కిమ్మని అడగాలి. ఆనాడు వ్యోమింగ్ ముసలాయన వెర్ల్‌ని అలా అడగలేదు.

"ఏం లేదు. నీదే" అన్నాను. డబ్బు తీసుకున్నాను.

వెర్ల్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కబురు అన్న మాట విన్నాడు వాడు. మూడు గొళ్ళాలదాన్ని బల్ల మీంచి తీసి ఒరలో పెట్టుకున్నాడు.

"పదిహేడేళ్ళు పట్టిందన్నమాట" అని, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. గాలి లోపలికొచ్చింది.

మే నెల్లో గుళ్ళగుట్ట కింద ఆర్డిస్ కోల్ట్‌తో ఐదు బిళ్ళలు ఐదు గుళ్ళకి పడగొట్టింది. వెర్ల్ ఒక పక్క, నేనొక పక్క నిలబడి చూశాం. వాడు ఆమెని రెండుసార్లు అడిగాడట. ఇవ్వనందట. నాకు సంతోషమే. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఇప్పటికీ సంతోషమే. ఆ సంతోషం కడుపులో ఇంకా చల్లగానే ఉంది గానీ, రాత్రి అన్నం ముందు కూర్చుంటే నా బల్ల మీద పెట్టిన ఆ మూడు గొళ్ళాలది కనపడుతుంది. చెయ్యి చాపితే అందేది.

వెర్ల్ తన వంతు కాల్చి నా దగ్గరికొచ్చాడు. ఈసారి ఏ మాటా అనలేదు. ఎవరూ నవ్వలేదు. రివాల్వర్‌ని నా ముందు బెంచీ మీద పెట్టి, పక్కన ఆరు తూటాలు నిలబెట్టాడు.

"కాల్చుకో" అన్నాడు.

నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను. ముట్టుకోలేదు. ముట్టుకుంటే మళ్ళీ కింద పెట్టాలి.