రాయి జరిగింది, చెట్టు జరగలేదు

ఈరోజు మా ఇంట్లో ఉన్నవాళ్ళు: నాయనమ్మ జంపక్క, పక్క చేను రాంబాబు మామ, వాళ్ళ తగువు తీర్చడానికి వచ్చిన ఊరిపెద్ద బొజ్జయ్య తాత, ఇంకా నేను. నేను ఉన్నానంటే ఉన్నాను, లోపలి గది తలుపు వెనక. అమ్మానాన్న మిర్చి కోతకు పోయారు.

తగువు ఇప్పచెట్టు గురించి. మా చేనుకూ మామ చేనుకూ మధ్య హద్దురాయి ఉంది. చెట్టు రాయికి మా వైపు. పూలు రాలే ముందు చెట్టుగలవాళ్ళు, రాలినవి ఏరుకోవడానికి, కింద ఊడ్చుకుంటారు, ఊడ్చినచోట ఇంకొకరు పువ్వు ముట్టరు. నాయనమ్మ పెళ్ళై వచ్చినప్పటి నుంచీ తనే ఊడుస్తోంది. ఈ పొద్దున చీపురు పట్టుకుని పోతే అప్పటికే అద్దంలా ఊడ్చి ఉంది. రాయేమో చెట్టు దాటి మా చేలో కూర్చుంది.

"నేను ముట్టలే అత్తా. రాయినే అడుగు," అన్నాడు మామ.

"కాళ్ళొచ్చినయారా దానికి?"

"వచ్చినయేమో!"

బొజ్జయ్య తాత చుట్ట తీశాడు. "భూమ్మీద ఏదన్న దానంతటది జరుగుతదా?"

ఊరికే అన్నాడు. కానీ మొన్న ప్రమీలారాణి టీచర్ ఇదే అడిగితే, జవాబు తెలిసీ నేను నోరు తెరవలేదు. అది ఇప్పుడు తన్నుకొచ్చింది.

"జరుగుతది తాతా!"

పెద్ద గిన్నెల్లాంటి రేడియో టెలిస్కోపులు దేశదేశాల్లో ఉంటాయనీ, ఆకాశంలో కదలనట్టే కనిపించేంత దూరాన ఉన్న క్వేజార్ అనే చుక్కలాంటిదాని నుంచి వచ్చే రేడియో అలను అన్నీ కలిసి వింటాయనీ, అది ఏ గిన్నెకు ఎంత ముందు చేరిందో చూసి వాటి మధ్య దూరం లెక్కగడతారనీ, ఆ దూరాలు ఏటేటా మారుతున్నాయనీ తలుపుకు చెప్పాను. "మన దేశం ఏడాదికి ఐదు సెంటీమీటర్లు జరుగుతది."

మామ లేచి నిలబడ్డాడు. "ఏ దిక్కుకు కోడలా?"

"ఈశాన్యం."

మా చేను మామ చేనుకు ఈశాన్యంలోనే ఉంది.

"ఇన్నవా పెద్దయ్యా! మా తాత రాయి పాతి అరవై ఏండ్లు. ఏటా ఐదంటే మూడు మీటర్లు! సరిగ్గ అంతే జరిగింది. చదువంటే గిట్లుండాలె!"

తాత తల ఊపాడు. నాయనమ్మ నావైపు తిరిగింది. "బువ్వ పెట్టి బడికి తోలితే, చెట్టును వానికి రాసిచ్చినవ్ గదనే!"

జవాబులో సగం ఇంకా లోపలే ఉంది. తలుపును గట్టిగా పట్టుకున్నాను.

"తాతా... చెట్టు గూడ జరుగుతది. చేను, మామ ఇల్లు, మనం, అన్నీ కలిసే జరుగుతయి. రాయొక్కటే చెట్టును దాటిపోదు."

తాత చుట్ట పక్కన పెట్టాడు. "అంటే అందరం ఒక్క బస్సుల కూసున్నట్టు. మరి నీ రాయి ముందు సీట్లకు ఎట్ల పోయిందిరా రాంబాబూ?"

మామ నేల చూశాడు. "ఇంట్ల గడ్డపార ఖాళీగ ఉండె..."

"పో. దాంతోనే ఎక్కడిది అక్కడ పెట్టు."

నాయనమ్మ చీపురు అందుకుని నవ్వింది. మామ చెప్పులేసుకుంటున్నాడు. నాకు మాత్రం టీచర్ చెప్పినదాంట్లో ఒక ముక్క మిగిలిపోయింది. సగం చెప్తే ఏమవుతుందో ఇప్పుడే చూశాను కదా.

"కాకపోతే తాతా, భూకంపమొచ్చి నేల పగిలితే మాత్రం, పగులుకు ఇటుపక్కది ఒక తీరు, అటుపక్కది ఒక తీరు జరుగుతది..."

మామ చెప్పు వదిలేసి వెనక్కి తిరిగాడు. "ఏందీ? మళ్ళ చెప్పు కోడలా!"

నాయనమ్మ చీపురుతోనే తలుపు నెట్టి, నా ముఖం మీద మూసి, బయట గొళ్ళెం పెట్టింది.